సైరన్ లేని షాపు

పైడమ్మ పోయి పధ్నాలుగు నెలలైంది. ఈ మధ్య దాకా షాపు గురించి ఏమీ రాయాలనిపించలేదు. మోటార్ల వైండింగ్ గురించి రాయడానికి ఏముంటుంది? కాలిపోయిన మోటారు వస్తుంది. పాత తీగ కోసి తీసేస్తాం, కొత్త తీగ చుడతాం, పంపిస్తాం. ఒడిశాలోని రాయగడలో ముప్పై ఏళ్ళకు పైగా నేనూ నా భార్యా చేసింది ఇదే.

రాయమన్నది ఇందు. పైడమ్మ తమ్ముడి కూతురు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, మా దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకుని, ఇప్పుడు షాపు తనే నడుపుతోంది. గత నెలలో ఒక మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చింది. క్యారియరు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు నిద్రపోయింది. చేతిలో ఫోను మోగుతోంది. మెల్లగా తీసుకుని దాని నోరు మూయించాను. అన్నం తిని, గిన్నెలు కడిగి, పేపరు చదువుకున్నాను. అప్పటికి లేచింది.

"లేపీవచ్చు కదా మావయ్యా! ఎంతసేపయింది?"

"షాపు ఆఖరిసారి ఎప్పుడు మూసేవమ్మి?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నలభై రోజులు దాటిపోనాది." కొంచెం గర్వంగానే చెప్పింది.

"గురువారం?"

"ఇప్పుడు గురువారమే పని ఎక్కువ. మీరిద్దరూ ఎలా ఆపేవోరో గానీ నాకు కుదర్డం నేదు. అత్త ఎలా సేసీదో రాసియ్యి. ఎలాగూ ఊరికే కూర్చుని పుస్తకాలు సదువుతున్నావు కదా."

షాపు పెట్టిన రోజు నుంచీ మేము గురువారం మూసేవాళ్ళమని ఆ పిల్ల అనుకుంటోంది. మొదటి తొమ్మిదేళ్ళు మేము గురువారాన్ని నిలబెట్టుకోలేదు. నిలబెట్టనిది నేను. తనకి తెలియాల్సింది ఆ తొమ్మిదేళ్ళ సంగతి. షాపు ఎలా పెరిగింది, ఏయే మిల్లుల పని ఎలా దొరికింది అనేవి వదిలేస్తున్నాను. వాటివల్ల నేను నేర్చుకున్నది తక్కువ.

ఫోర్‌మన్ అడిగిన ప్రశ్న

షాపుకి ముందు కోరాపుట్ జిల్లాలో ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు టెక్నీషియన్‌గా పనిచేశాను. టౌన్‌షిప్పులో క్వార్టరు ఉండేది. క్లబ్బులో ఒక తెలుగు పుస్తకాల బీరువా ఉండేది. దాని తాళంచెవి చివరికి నా దగ్గరే ఉండిపోయింది, ఎందుకంటే అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే.

మా ఫోర్‌మన్ మహాపాత్రగారు ఒడియా ఆయన. తక్కువ మాట్లాడేవారు. చేరిన వారంలో, నడుస్తున్న మోటారు మీద నేను అరచెయ్యి పెట్టి వేడి చూస్తుంటే మణికట్టు పట్టుకుని తిప్పేశారు. "చేతి వెనకవైపుతో చూడు" అన్నారు. "మోటారు పైకి కరెంటు పాకి ఉంటే ఆ దెబ్బకి చెయ్యి ముడుచుకుని వెనక్కి వచ్చేస్తుంది. అరచెయ్యి పెట్టావంటే పట్టుకుంటుంది. ఇక వదలదు." అది అలవాటైపోయింది. ఇప్పటికీ పాలగిన్నె వేడి కూడా చేతి వెనకవైపుతోనే చూస్తాను.

షిఫ్టు అయ్యేటప్పుడు సైరన్ మోగేది. మోగాక ఎవరైనా పని పట్టుకుని ఉంటే ఆయనకి నచ్చేది కాదు. ఒకసారి బేరింగు సగం ఎక్కించి, పూర్తిచేసే వెళ్దామని ఆగాను. ఆయన వచ్చి నా చేతిలో స్పానరు తీసుకుని, బోర్డు మీద దాని గుర్తున్న చోట తగిలించి, లైటు ఆపేశారు. "అలిసిన చేత్తో ఎక్కించిన బేరింగుని రేపు నేను విప్పించాలి" అన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది.

రాజీనామా ఉత్తరం ఇస్తే చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. తర్వాత అడిగారు: "ఇక్కడ సైరన్ మోగితే ఇంటికి వెళ్తున్నావు. అక్కడ ఎవరు మోగిస్తారు?"

నేను నవ్వాను. "సొంత షాపు కదా సార్. ఎప్పుడు కావాలంటే అప్పుడు మూసుకుంటాను."

ఆయన నవ్వలేదు.

సొంతంగా పని పెట్టుకునే ప్రతివాడూ మొదట నమ్మేది ఇదే. మన తలుపు మన చేతిలో ఉంటుందని. నా మొదటి తప్పు అది. అది తప్పని తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఇంటికి వెళ్ళి పైడమ్మకి చెప్పాను. పైడమ్మ మా మేనమామ కూతురు. వాళ్ళ నాన్న రాయగడ మునిసిపాలిటీలో పైపులైను పని చేసేవాడు. ఆమె ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది.

"మంచి ప్రశ్నే అడిగేడు బావా ఆయన. నువ్వు నవ్వేవేటి?" అంది.

"మరేటి సెయ్యమంటావు?"

"వారానికి ఒక రోజు సెలవని ముందే అనీసుకో. ఆదివారం కుదర్దు. మిల్లులు ఆపి మోటార్లు తెచ్చేది ఆ రోజే. గురువారం అయితే ఒడియా ఇళ్ళల్లో లక్ష్మీపూజలు. ఊరు నెమ్మదిగా ఉంటాది. మనమూ నెమ్మదిగా ఉందాం."

ఆమె చెప్పింది భక్తితో కాదు, ఊరి నడక చూసి. నేను సరేనన్నాను. ఆ సరే మనసులోంచే అన్నాను.

అర్జెంటు

పైడమ్మ మూడు నెలల్లో వైండింగ్ నేర్చుకుంది. ఆరు నెలల్లో నాకంటే బాగా చేసింది. స్టేటర్, అంటే మోటారులో తిరగని బయటి భాగం, దాని గాడుల్లో తీగ దించడానికి బలం అక్కర్లేదు, వేళ్ళు కావాలి. ఆమె వేళ్ళు సన్నం. చుట్లు లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదిలేవి. ఆ సమయంలో పలకరిస్తే జవాబు ఉండదు, చుట్ట పూర్తయ్యాకే ముఖం ఎత్తేది. మోటార్లు విప్పడం, బేరింగులు, బరువు పని సుకురు చూసేవాడు. కకిరిగుమ్మ దగ్గర పరజా గిరిజనుల ఊరి మనిషి, నా ఈడువాడు. పైడమ్మని నానీ అనేవాడు, అంటే అక్క.

మొదటి గురువారం ఒక పెళ్ళింటి నీళ్ళ పంపు వల్ల పోయింది. పెళ్ళింట్లో నీళ్ళు లేవంటే ఎవరు కాదంటారు? రెండోది ఇంకో వీధి బోరు. తర్వాతివి గుర్తు లేవు. ఒక్కో గురువారానికీ ఒక్కో న్యాయమైన కారణం ఉండేది. ఇది యువకులు గమనించాలి. సెలవుని ఎవరూ బలవంతంగా లాక్కోరు. మంచి కారణాలే వచ్చి ఒక్కొక్కటిగా తీసుకుపోతాయి.

కారణాలన్నీ మంచివి కూడా కావు. ఒక పిండిమర ఆసామి గురువారం పొద్దున్నే వచ్చి, మోటారు సాయంత్రానికి లేకపోతే కొంప మునుగుతుందని గోల పెట్టాడు. ముగ్గురం కూర్చుని ముగించాం. అతను పదకొండు రోజుల తర్వాత వచ్చాడు. ఈలోగా పైడమ్మ ఆ మోటారు మీద పళ్ళెం పెట్టి వడియాలు ఆరబోసింది. వచ్చినవాళ్ళందరూ అడిగేవారు, ఏమిటమ్మా ఇది అని.

"అర్జెంటు మోటారు బావూ. సెయ్యి పెట్టకండి, వడియాలు పోతాయి."

నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాతి గురువారం కూడా షాపు తెరిచాను. ఎందుకు తెరిచానో ఇప్పుడు దాచుకోకుండా చెప్పాలి. అవసరం కోసమే కాదు. గుడారి నుంచి, ఇంకా దూరం నుంచి మనుషులు నన్ను వెతుక్కుంటూ వస్తుంటే బాగుండేది. నేను లేకపోతే పని ఆగిపోతుందనుకోవడం బాగుండేది. ఫ్యాక్టరీలో నేను వందలమందిలో ఒకణ్ణి. ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు. కష్టపడేవాడినని నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి. ఆ మెప్పులో సగం పైడమ్మ వేళ్ళది. ఆమె అలిసిపోతుందన్న ఆలోచన నాకు రాలేదు. నాకు అలుపు తెలియలేదు కాబట్టి ఆమెకీ తెలియదనుకున్నాను.

ఆరని వార్నిష్

షాపు పెట్టిన తొమ్మిదో ఏడు, పుష్యమాసంలో, గుడారి నుంచి నూకరాజు వచ్చాడు. అతనిది బియ్యం మిల్లు. ఉన్న ఒక్క పెద్ద మోటారు కాలిపోయింది. అది బుధవారం.

"సింహాచలంగారూ, దాన్యం మిల్లు వాకిట్లో ఉన్నాది. మబ్బు పట్టేసింది. రేపు సాయంత్రానికి మోటారు ఇవ్వకపోతే నానేటయిపోవాలి?"

అతని భయం నిజమైనది. ఇచ్చేస్తానన్నాను. మర్నాడు గురువారం అని పైడమ్మ అనలేదు. అనడం మానేసి అప్పటికి చాలాకాలమైంది.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. తీగ చుట్టడంతో వైండింగ్ పూర్తి కాదు. చుట్టిన స్టేటర్‌ని వార్నిష్‌లో ముంచుతాం. అది ప్రతి గాడిలోకీ దిగి గట్టిపడితేనే తీగలు కదలకుండా, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఉంటాయి. ఆరడానికి వేడి కావాలి, అంతకంటే సమయం కావాలి. మా దగ్గర ఒక ఇనప డ్రమ్ములో పెద్ద బల్బులు బిగించి పెట్టె చేసుకున్నాం. అంత పెద్ద మోటారైతే, మంచు రోజుల్లో, ఒక పగలూ ఒక రాత్రీ దాంట్లో ఉండాలి. చూసేవాళ్ళకి ఏ పనీ జరుగుతున్నట్టు ఉండదు. మోటారు ఊరికే ఉంటుంది. కానీ మొత్తం పనిలో దాని బతుకుని నిర్ణయించేది ఆ ఊరికే ఉండటమే.

పైడమ్మ బుధవారం మధ్యాహ్నం నుంచీ శాలువా కప్పుకునే తీగ దించింది. గురువారం పొద్దున అంది, "ఒళ్ళు నొప్పులుగా ఉన్నాది బావా."

"కూర్సుని సేసే పనే కదా పైడీ. మెల్లగా సెయ్యి" అన్నాను.

మధ్యాహ్నానికల్లా వార్నిష్ ముంచి డ్రమ్ములో పెట్టాం. సాయంత్రం నూకరాజు మినీ లారీతో వచ్చేశాడు. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పెట్టి తిప్పాను. ముల్లు ఎక్కాల్సినంత ఎక్కలేదు. లోపల ఇంకా తడి ఉందన్నమాట. నాకు తెలుసు. పైడమ్మకీ తెలుసు.

"ఆరనీ బావా. ఒక్క పూట. పొద్దున్న పట్టుకెళ్తాడు."

"నడుస్తూ ఆరిపోద్ది. దాని వేడికి అదే ఆరుద్ది."

ఈ వృత్తిలో నేను అన్న మాటల్లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇది. నడుస్తూ ఏదీ ఆరదు.

శనివారం మిల్లులో పొగ వచ్చింది. ఆదివారం అదే లారీలో అదే మోటారు వెనక్కి వచ్చింది. మధ్యలో వాన పడి, వాకిట్లో ధాన్యం కొంత తడిసి మొలకెత్తింది. నూకరాజు అరుస్తాడని నిలబడ్డాను. అరవలేదు. స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"తొందర పెట్టింది నానే. నాకు తెలదు కాబట్టి తొందర పెట్టేను. నీకు తెలుసు కదా."

అంతకంటే న్యాయమైన మాట ఇంకెవరూ నాతో అనలేదు. తొందరపడటం వచ్చినవాడి హక్కు. ఆగమనడం పని తెలిసినవాడి బాధ్యత. ఆ బాధ్యతని వచ్చినవాడి మీదికి తోసేయకూడదు.

విప్పి చూస్తే గాడుల్లో వార్నిష్ పాకంలా వేలికి అంటుకుంది. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాం. పైడమ్మ బల్ల దగ్గర కూర్చుంది. కాసేపటికి లేవబోయి, మళ్ళీ నేల మీద కూర్చుండిపోయింది. ఒళ్ళోంచి తీగ ఉండ జారి గుమ్మం దాకా దొర్లింది. సుకురు "నానీ!" అని అరిచాడు. వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టాను. అలవాటు కొద్దీ చేతి వెనకవైపే పెట్టాను. కాలిపోతోంది.

"ఎప్పట్నుంచి?"

"బుధవారం నుంచి."

"సెప్పనేదేటి?"

"సెప్పేను కదా బావా. మెల్లగా సెయ్యమన్నావు."

ఆ నాలుగు రోజుల్లో మోటార్ల మీద నేను ఎన్నిసార్లు చెయ్యి పెట్టి వేడి చూశానో లెక్కలేదు.

సుకురు రిక్షా తెచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి మలేరియా అంది, రక్తం కూడా బాగా తక్కువగా ఉందంది. నెల రోజులు పని ముట్టకూడదని రాసింది. రాస్తూ నన్నడిగింది, "మామూలు రోజుల్లో ఈవిడకి వారంలో ఒక రోజైనా విశ్రాంతి ఉంటుందా?"

"గురువారం సెలవండీ" అన్నాను.

పైడమ్మ నా వైపు చూసింది. డాక్టరమ్మ ముందు నన్ను కాదనలేదు. రిక్షా ఎక్కాక, శాలువా సర్దుకుని, ఎటో చూస్తూ అంది:

"డాక్టరమ్మకి అబద్ధం సెప్పేవు. ఇంక దాన్ని నిజం సెయ్యాలి మరి."

నూకరాజు మోటారు నేనే చుట్టాను. ఆమె చుట్టినంత పొందికగా రాలేదు. కానీ రెండు పగళ్ళు ఆరనిచ్చాను. అది చాలా ఏళ్ళు తిరిగింది.

వెదురు గడ

తప్పు తెలిసిన మర్నాడే మనిషి మారిపోతాడని పుస్తకాల్లో ఉంటుంది. నేను మారలేదు. పైడమ్మ పడుకుని ఉండగా కూడా గురువారం షాపు తెరిచాను. ఆమె పని కూడా నేనే చెయ్యాలి కదా అనుకున్నాను. చూశారా, మళ్ళీ మంచి కారణమే.

చైత్రం వచ్చింది. సుకురు వాళ్ళ పెద్ద పండగ చైత్ర పర్వానికి పది రోజులని చెప్పి ఊరికెళ్ళాడు. పన్నెండు రోజులైనా రాలేదు. ఎండలు ముదిరి పంపు మోటార్లు వరసగా వస్తున్నాయి. వెళ్ళి పట్టుకొద్దామని ఒక గురువారం పొద్దున బయల్దేరాను. అప్పటికి పైడమ్మ లేచి తిరుగుతోంది.

"నేనూ వస్తాను. గురువారం నాకు సెలవు కదా" అంది. ముఖంలో నవ్వు లేదు.

చేతిలో గొడుగు పట్టుకుంది. వాన జాడ లేకుండా గొడుగేటి అన్నాను. "సొరంగాలు దాటేక అది వేరే దేశం బావా" అంది. కోరాపుట్ బండి ఎక్కాం. కొండల్లో ఒక సొరంగం తర్వాత ఒకటి. కకిరిగుమ్మలో దిగేసరికి నిజంగానే చినుకులు పడుతున్నాయి. ఒక గొడుగు కింద ఇద్దరం నడిచాం.

సుకురు ఊరి మొదట్లో ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు గడ పట్టుకుని నిలబడ్డారు. పర్వం రోజుల్లో అది అక్కడి ఆచారం. దారిన పోయేవాళ్ళని ఆపుతారు. ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా వాళ్ళతో ఆడాలి. నేను జేబులో చెయ్యి పెట్టి, తొందరగా వెళ్ళాలమ్మా అన్నాను. ఒక ముసలామె వాళ్ళ దేశియా భాషలో ఏదో అంది, అందరూ విరగబడి నవ్వారు.

"ఏటంటాది?" పైడమ్మని అడిగాను. ఆమెకి సంతలో చిన్నప్పట్నుంచీ ఆ భాష అలవాటు.

"ఈయన ఇంటికి నిప్పంటుకుందా, ఇంత పరుగు అని అడుగుతుంది."

"పనుందని సెప్పు."

పైడమ్మ వాళ్ళతో ఏదో చెప్పింది. మళ్ళీ నవ్వులు. ఏం చెప్పిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. గొడుగు మడిచి నా చేతికిచ్చి, గడ కిందనుంచి దూరి అవతలికి వెళ్ళింది. వాళ్ళు ఆమె నడుం చుట్టూ చేతులు వేసి వరసలో కలుపుకున్నారు. ఢెంసా ఆట. నెమ్మదిగా, అందరి అడుగూ ఒకటిగా పడే ఆట. మొదట తప్పింది. తర్వాత కుదిరింది. నేను గడకి ఇవతల మడిచిన గొడుగు పట్టుకుని చినుకుల్లో నిలబడ్డాను. ఆమె మొహంలో అంత సంతోషం చూసి ఎన్నేళ్ళయిందా అని ఆలోచించాను.

డప్పు విని సుకురు వచ్చాడు.

"సుకురూ, తొమ్మిది మోటార్లు ఉన్నాయి బల్ల మీద."

"ఉంటాయి బాబు. ఎక్కడికెల్తాయి? కాళ్ళు నేవు కదా వాటికి."

"నేను వేళాకోళం ఆడటం నేదు."

"నేనూ ఆడటం నేదు. పర్వం అయ్యేదాకా ఈ సెయ్యి పని ముట్టదు. ముట్టేనంటే ఊరు ఊరంతా నవ్వుద్ది."

"నవ్వితే నవ్వనీ. నవ్వితే ఏటయిపోద్ది?"

అతను నన్ను జాలిగా చూశాడు. "గురువారం పని సేస్తంటే మీ ఊళ్ళో ఎవులూ నవ్వరా బాబు నిన్ను సూసి?"

ఎవరూ నవ్వరు. అందరూ మెచ్చుకుంటారు. ఆ తేడా నాకు అక్కడ అర్థమైంది. ఫ్యాక్టరీలో విశ్రాంతికి సైరన్ కాపలా. సుకురు ఊళ్ళో దానికి ఊరంతా కాపలా, ఆ నవ్వు కాపలా. సొంత షాపు పెట్టుకున్నవాడి విశ్రాంతికి ఎవరూ కాపలా లేరు. వాడి ఒక్కడి మనసు ఉంటుంది, దాన్ని ఏ పెళ్ళింటి పంపయినా కరిగించగలదు. మహాపాత్రగారు అడిగిన ప్రశ్న అదే.

సుకురు ఇంట్లో జావ తాగి, సాయంత్రం బండికి ఇద్దరమే తిరిగొచ్చాం. పైడమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

మూడు ఫ్యూజులు

తర్వాతి బుధవారం సాయంత్రం షాపు కట్టేసే వేళకి, పైడమ్మ స్టూలు ఎక్కి మెయిన్ స్విచ్ దింపింది. బోర్డులోంచి మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చేతిసంచిలో వేసుకుంది.

"రేపు తెరుచుకో బావా. కరెంటుండదు."

షాపు నిండా ఫ్యూజు తీగ ఉంది. కావాలంటే కొత్తవి బిగించడానికి పావుగంట పట్టదు. అది ఆమెకీ తెలుసు. కానీ బిగించాలంటే ఆమె సంచీలో ఉన్నవి కాదని బిగించాలి. అంత పని నేను చెయ్యలేకపోయాను. మర్నాడు మేం కకిరిగుమ్మ వెళ్ళాం. పనేం లేదు. స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాం. ఆమె తెచ్చిన పులిహోర తిన్నాం. నేను పుస్తకం చదివాను, బాగున్న చోట పైకి చదివాను. ఆమె కొన్ని విని కొన్నిటికి నిద్రపోయింది.

ఇరవై ఏళ్ళకు పైగా గురువారాలు అలాగే గడిచాయి. ప్రతిసారీ కకిరిగుమ్మే కాదు, కొన్నిసార్లు ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఫ్యూజులు మాత్రం ఆమె సంచీలోనే ఉండేవి. డ్రమ్ములో ఏదైనా ఆరుతుంటే దాని బల్బులకి పక్క షాపు నుంచి లైను లాగేది. గురువారం వచ్చినవాళ్ళు మొదట్లో తిట్టుకున్నారు. కొందరు వేరే షాపుకి వెళ్ళిపోయారు, అది నిజం. విశ్రాంతి తీసుకుంటే పని ఇంకా పెరుగుతుందని చెప్పేవాళ్ళుంటారు. మాకేమీ పెరగలేదు. బోరిగుమ్మలో ఇంకో షాపు పెట్టమని ఒకాయన చాలా బతిమాలాడు. పైడమ్మ వద్దంది, నేనూ వద్దన్నాను. అది సరైన నిర్ణయమో కాదో ఈరోజుకీ తెలియదు. పెట్టుంటే ఇప్పుడు ఇందుకి రెండు షాపులుండేవి. మాకు అన్ని గురువారాలు ఉండేవి కావు. నూకరాజు మాత్రం వేరే షాపుకి వెళ్ళలేదు. ఆ తర్వాత మోటారు పంపినప్పుడల్లా చీటీ మీద ఒకే మాట రాయించేవాడు: ఆరాకే ఇవ్వండి.

రెండేళ్ళ కిందట పైడమ్మకి జబ్బు చేసింది. పని వల్ల వచ్చిందని నేను అనను. డాక్టర్లూ అనలేదు. అన్ని జబ్బులకీ పాఠం ఉండదు. మనిషిని మోటారుతో పోల్చడం కూడా నాకు ఇష్టం లేదు. కాలిన మోటారుని మళ్ళీ చుట్టవచ్చు.

చివరి నెలల్లో ఆమెకి రోజులు కలిసిపోయేవి. అయినా బుధవారం సాయంత్రం మాత్రం ఎలా తెలిసేదో తెలిసేది.

"ఫ్యూజులు తీసేవా బావా?"

"తీసేను పైడీ."

అప్పటికి షాపు ఇందు చూస్తోంది. నేను సాయంత్రం వెళ్ళి, మూడూ పీకి, తెచ్చి ఆమె మంచం పక్కన సంచీలో వేసేవాణ్ణి. ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఇందుకి

అమ్మీ, ఇదే సంగతి. మీ అత్త ఎలా చేసిందని అడిగావు. ఆమె ఓర్పుతో చెయ్యలేదు. తొమ్మిదేళ్ళు ఓర్చుకుంది, ఆ ఓర్పు వల్ల జబ్బు తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఓర్చుకోవడం మానేసి ఫ్యూజులు పీకింది. నీకు ఎంత పట్టుదల ఉన్నా, దాని మీద ఆధారపడకు. సైరన్ నువ్వే మోగించి నువ్వే వినడం కుదరదు. ఇంకెవరి చేతికైనా ఇవ్వు. నిన్ను చూసి నవ్వగలిగినవాళ్ళకి ఇవ్వు.

నీ దగ్గర పనిచేసేవాళ్ళు ఒళ్ళు నొప్పులన్నప్పుడు మెల్లగా చెయ్యమనకు. లేచి వెళ్ళి చెయ్యి పెట్టి చూడు.

పని ముఖ్యం కాదని నేను చెప్పను. నాకు ఆ పని ఇష్టం. మీ అత్తకి నాకంటే ఇష్టం. బాగా చుట్టిన స్టేటర్ని ఆమె రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసి గానీ వార్నిష్‌లో ముంచేది కాదు. కష్టపడకుండా ఆ చుట్టు రాదు. నేను చెప్పేదల్లా, డ్రమ్ములో ఊరికే ఉన్న ఆ పగలూ రాత్రీ కూడా పనిలో భాగమే అని.

ఆ పాత ఫ్యూజు బోర్డు తీసేసి కొత్త బ్రేకర్లు పెట్టించాలని పోయిన ఏడాది అడిగావు. షాపు నీది, నీ ఇష్టం అన్నాను. ఇప్పుడూ అదే మాట.

పైన ఉన్నదంతా పోయిన ఆదివారం ఇందుకి ఇచ్చాను. చదివిందో లేదో అడగలేదు. సోమ, మంగళవారాలు అన్నం క్యారియరు వచ్చింది గానీ పక్కింటివాళ్ళతో పంపించింది.

బుధవారం, ఇంకా వెలుతురు ఉండగానే, తనే వచ్చింది. చేతులకి వార్నిష్ వాసన. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, పైడమ్మ పాత చేతిసంచి బల్ల మీద పెట్టింది. ఆమె పోయాక అది షాపులో మేకుకి వేలాడుతూ ఉండేది. లోపల పింగాణీ గలగలమంది.

"గుడారి మోటారు డ్రమ్ములో పెట్టేసేను మావయ్యా. బల్బులకి పక్క షాపు నుంచి లైను లాగేను, అత్త లాగే" అంది. "నూకరాజుగారి అబ్బాయి ఫోన్ సేసి, రేపు ఇచ్చీమన్నాడు."

"మరేటన్నావు?"

"మీ నాన్ననడుగు అన్నాను."

కుర్చీలో కూర్చుంది. కళ్ళ కింద నలుపు ఇంకా ఉంది. ఫోను తీసి, నోరు మూయించి, నా పుస్తకాల మధ్యకి తోసేసింది.

"మావయ్యా, కకిరిగుమ్మ బండి రేపు ఎన్నింటికి?"

పధ్నాలుగు నెలలుగా నేను స్టేషన్‌కి వెళ్ళలేదు. వేళ మారి ఉంటుంది, పొద్దున్నే వెళ్ళి కనుక్కుందాం అన్నాను. గొడుగు తెచ్చుకోమన్నాను.